బైండింగ్‌కి వెళ్ళింది

డ్రాయరు మొదటిసారి మూసుకున్నప్పుడు నాగదుర్గ అరవలేదు. నొప్పి కంటే ఆశ్చర్యం ముందొచ్చింది. అది పటాలు దాచే ఇనప బీరువా. ఒక్కొక్క డ్రాయరు మంచమంత వెడల్పు, అరచెయ్యంత లోతు. ఒక్క వేలితో తోస్తే మూసుకునేలా వాటికి నూనె పెట్టి చూసుకున్నది తనే. అంత నున్నగా జారే డ్రాయరును గణేష్‌బాబు మనిషి బూటుకాలితో తన్నాడు. లోపల ఆమె కుడిచేతి వేళ్ళున్నాయి.

"మేడం గారండీ," అన్నాడు గణేష్‌బాబు, ఎదురుగా కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని. "మీరు పెద్ద చదువు చదివినోరు. మీకు చెప్పేంతోణ్ణి కాదండి. ఆ మ్యాపొక్కటి ఇప్పించండి, ఎళ్ళిపోతామండి."

మా గోదావరి జిల్లాల మర్యాద లోకానికంతా తెలిసిందే. పీక కోసేవాడు కూడా "కొంచెం తలెత్తండి" అని అడిగి మరీ కోస్తాడు.

"బైండింగ్‌కి వెళ్ళిందండి," అంది నాగదుర్గ.

లైబ్రేరియన్లందరికీ అలవాటైన మాట ఇది. పుస్తకం పోయినా, ఎలకలు కొట్టినా, ప్రిన్సిపాలు గారు ఇంటికి పట్టుకెళ్ళి మరిచిపోయినా, అడిగినవాడికి చెప్పే జవాబు ఒకటే. ఆ మాట విన్నాక చదువుకునేవాడు రెండో ప్రశ్న వెయ్యడు. గణేష్‌బాబు చదువుకోవడానికి రాలేదు. అతను తలూపాడు, డ్రాయరు రెండోసారి మూసుకుంది. లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఈసారి నాగదుర్గ గొంతు చించుకుని అరిచింది.

ఆ రోజు రెండో శనివారం, కాలేజీకి సెలవు. చెదలమందు కొట్టించాలని ఆమె భూగర్భశాస్త్రం లైబ్రరీ ఒక్కటే తెరిపించింది. ఆ అరుపు విని వచ్చింది అటెండరు బుల్లబ్బాయి ఒక్కడే. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, గట్టిగా దగ్గితే కూర్చోవాలి. "అమ్మగారిని వదలండయ్యా!" అంటూ బూటువాడి నడుం పట్టుకున్నాడు. రెండోవాడు ఇనప స్టూలు ఎత్తి అతని నెత్తిన మోదాడు. బుల్లబ్బాయి ఉన్నచోటే కూలబడ్డాడు. నెత్తురు చెవి మీదుగా కారి, చొక్కా జేబులోని తారీఖు స్టాంపును తడిపింది.

గణేష్‌బాబు ఇక్కడికి రావడం ఇది రెండోసారి. పోయినేడు వచ్చినప్పుడు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చాడు, చెప్పులు గుమ్మం బయట విడిచాడు. ఎర్రమ్మలంక దగ్గరి ఏటి పటం చూపించమన్నాడు. అవి ఆనకట్ట పనుల కాలం నాటి పటాలు. ఇంజనీర్లు పడవల మీంచి గొట్టాలు దించి, గోదావరి అడుగున ఎక్కడ ఎంత ఇసుక ఉందో, ఎక్కడ బంకమన్ను ఉందో చేత్తో గీసినవి. ఇసుక తవ్వుకునేవాడికి అంతకంటే నిధి ఏముంటుంది? కొత్తగా బోర్లు వేసుకుంటూ కూర్చుంటే ఊరంతా చూస్తుంది. నాగదుర్గ ఎందుకని అడగలేదు. టీ తెప్పించి, పటం పరిచి, ఫొటో కూడా తీసుకోనిచ్చింది.

అడగకూడదని నేర్పింది జానకిరామ్ గారు. ఆయన కాకినాడలో ఇలాంటి లైబ్రరీనే చూస్తారు. భూశాస్త్ర లైబ్రేరియన్ల సంఘం అంటే ఆయనే. ఏటేటా సభ పెట్టి, రాళ్ళ పుస్తకాల మధ్య ఒంటరిగా ముసలైపోయే మనుషులను ఒకచోట కూర్చి, పటం ఎలా చుట్టాలో, తేమ ఎలా ఆపాలో పిల్లలకు చెప్పినట్టు చెబుతారు. "మనం నూతి దగ్గర చేదలాంటి వాళ్ళం. నీళ్ళు ఎందుకని చేద అడుగుతుందా?" అంటారు. నాగదుర్గ ఆ మాటను వేదంలా పట్టుకుంది.

గణేష్‌బాబు యంత్రాలు ఎర్రమ్మలంక పక్కన తాటిచెట్టు మునిగేంత గొయ్యి చేశాయి. వరద తీశాక, అక్కడ మొలలోతే కదా అని వలతో దిగిన ప్రసన్నకుమార్ మళ్ళీ పైకి రాలేదు. అతను నాగదుర్గ పెద్దమ్మ మహాలక్ష్మమ్మకు ఒక్కగానొక్క కొడుకు. శవం తన వలలోనే చుట్టుకుని దొరికింది. నాగదుర్గ పెద్దమ్మ కాళ్ళ మీద పడి, ఆ పటం ఇచ్చింది తనేనని చెప్పేసింది. మహాలక్ష్మమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఆనాటి నుంచి మాట లేదు.

తరవాతి సభలో నాగదుర్గ లేచి, ఇలాంటి పటాలు ఎందుకో తెలుసుకున్నాకే ఇవ్వాలంది. జానకిరామ్ గారు ఒప్పుకోలేదు. "ఇవాళ ఇసకవాడికి లేదంటావు. రేపు జాలరివాడు వస్తే, నువ్వెవరని అంటావు. తాళం చేతికొచ్చాక తియ్యబుద్ధి కాదమ్మా," అన్నారు. సభంతా ఆయన పక్షమే. నాగదుర్గ ఏడుస్తూ రాజమండ్రి బస్సెక్కింది.

ఇప్పుడు గణేష్‌బాబు అడిగేది పేట రేవు పటం. నాగదుర్గ పుట్టిన జాలర్ల పేట అది. అక్కడ గొయ్యి పడితే గట్టు జారుతుంది, గట్టు మీది ఇళ్ళు ఏట్లో కలుస్తాయి. అందుకే, అతను దాని కోసం ఫోను చేసిన రోజే, ఆమె లైబ్రేరియనన్నవాళ్ళు చెయ్యని పాపం చేసింది. పటాన్ని తీసుకెళ్ళి తప్పుచోట పెట్టింది.

వాళ్ళు గోదావరి డ్రాయర్లన్నీ లాగి బోర్లించారు. పటాల మీద తొక్కుతూ నడిచారు. తొక్కే ప్రతి అడుగూ ఆమెకు గుండెల మీద పడినట్టే ఉంది. చివరికి రెండోవాడు ఫోను చూస్తూ కేకేశాడు. "బాబూ, ఇంకో కాపీ కాకినాడలో ఉందంటండి. ఇంటర్నెట్లో లిస్టు పెట్టారు. కింద మేడం గారి పేరే ఉందండి."

ఏ పటం ఏ లైబ్రరీలో ఉందో అందరికీ తెలియాలని, సంఘం తరఫున రాత్రింబవళ్ళు కూర్చుని ఆ జాబితా తయారుచేసింది నాగదుర్గే. సభలో శాలువా కప్పారు. తీసుకున్న ఫొటో ఇంకా గోడకే ఉంది.

"చూశారాండీ? మీరు చెప్పనే చెప్పారు," అని నవ్వాడు గణేష్‌బాబు. "వస్తామండి."

వాళ్ళు గుమ్మం దాటగానే ఆమె ఎడంచేత్తో ఫోను పట్టుకుని, సెలవురోజైనా లైబ్రరీలోనే ఉండే జానకిరామ్ గారికి కాకినాడ చేసింది. "మాస్టారూ, వాళ్ళు మీ దగ్గరికే వస్తున్నారండి. ఆ పటం లేదని చెప్పండి. బైండింగ్‌కి వెళ్ళిందని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

"నాకు అబద్ధం రాదమ్మా," అన్నారు జానకిరామ్ గారు. ఫోను కట్టయింది.

బుల్లబ్బాయి తలకు కుట్లు పడ్డాయి, ప్రాణభయం లేదన్నారు. మర్నాడు చేతికి కట్టుతో నాగదుర్గ జానకిరామ్ గారున్న కాకినాడ ఆసుపత్రికి వెళ్ళింది. జరిగింది చెప్పింది ఆయన దగ్గర పనిచేసే రెబెక్కా. ఫోను పెట్టేసి, ఆయన ఆ పటాన్ని తీసి, వెనక బైండింగ్ గదికి తీసుకెళ్ళారట. మైదా జిగురు తొట్టిలో దాన్ని ముంచి, పిండి పిసికినట్టు రెండు చేతులా పిసికారట. పిసుకుతూ ఏడ్చారట. వాళ్ళొచ్చి అడిగితే, "ఉందయ్యా, బైండింగ్‌లో ఉంది," అని తొట్టి చూపించారు.

వాళ్ళు ఆయన తలను అదే తొట్టిలో ముంచారు. ఊపిరాడక కొట్టుకుంటుంటే బయటికి లాగి, ఇనప కడ్డీతో దవడ మీద, పక్కటెముకల మీద కొట్టారు. రెబెక్కా కేకలకు హాస్టలు పిల్లలు పరుగెత్తుకొచ్చి ఇద్దరిని పట్టుకుని చితకబాదారు. కారులో కూర్చున్న గణేష్‌బాబు మాత్రం జారుకున్నాడు. పోలీసులు అతని పేరు రాసుకోవడానికే జంకుతున్నారు.

జానకిరామ్ గారి మొహం గుమ్మడికాయలా వాచింది. జుట్టులో ఎండిన జిగురు ఇంకా అట్టలు కట్టి ఉంది. మాట ముద్దముద్దగా వచ్చింది. "పటాన్ని చంపేశానమ్మా. నీది?"

"ఉందండి. హిమాలయాల డ్రాయర్లో పెట్టాను."

"తప్పుచోట పెట్టావా!" ఆ దవడతోనే కసిరారు. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆమె కట్టు మీద చెయ్యి వేశారు. "ఆనాడు సభలో నువ్వన్నదే నిజం. ఇకనించి అడుగమ్మా. ఎవరొచ్చినా ఎందుకని అడుగు."

ఆ వారంలోనే మహాలక్ష్మమ్మ లైబ్రరీకి వచ్చింది. చేపల తట్ట గుమ్మం దగ్గర దించి, చెల్లాచెదురైన డ్రాయర్ల మధ్య నిలబడింది. "రేవు పటం కావాలి," అంది. ఇన్నాళ్ళకు పలికిన మొదటి మాట.

నాగదుర్గకు మాస్టారి వాచిన నోరు కళ్ళముందు మెదిలింది. "ఎందుకు పెద్దమ్మా?" అంది.

చెంప ఛెళ్ళుమంది. కళ్ళు బైర్లు కమ్మి ఆమె బల్ల పట్టుకుంది.

"నా బిడ్డని మింగినోణ్ణి అడిగావంటే ఈ మాట? ఆడికి టీ పోయించావు. నన్నడుగుతున్నావా?" రెండో చెంప కూడా పేలింది. నాగదుర్గ మొహం తిప్పుకోలేదు. ఇన్నాళ్ళూ ఈ దెబ్బ కోసమే చూస్తున్నట్టు నిలబడింది. కొట్టిన చెయ్యే చివరికి ఆమె భుజం పట్టుకుంది. "కోర్టులో కేసేశామే. రేవు అడుగు ఎట్టా ఉండేదో రుజువు తెమ్మన్నాడు వకీలు. లేకపోతే ఆడు తవ్వేత్తాడంట. పేట పోద్దే దుర్గా."

నాగదుర్గ హిమాలయాల డ్రాయరు తెరిచింది. ఒంటిచేత్తో పటం పైకి రాలేదు. మహాలక్ష్మమ్మ చెయ్యి పైటకు తుడుచుకుని రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి చుట్టారు. "ఇదొక్కటే మిగిలింది పెద్దమ్మా. నేనే కోర్టుకి పట్టుకొస్తాను," అంది నాగదుర్గ.

గేటు దాటగానే రోడ్డుకు అడ్డంగా తెల్లకారు. అద్దం కిందికి దిగింది. "మేడం గారండీ, బైండింగ్ అయిపోయినట్టుందండి. ఇలా ఇప్పించండి," అన్నాడు గణేష్‌బాబు.

నాగదుర్గ పటాన్ని చంకలో బిగించి, అతని మొహంలోకి చూసింది.

"ఎందుకండీ మీకు?"

అతను నవ్వబోయాడు. మహాలక్ష్మమ్మ తట్ట దించింది. అందులోంచి చేపలు కోసే కత్తి తీసి, దాని పిడితో ఒక్క వేటున ముందు అద్దం పగలగొట్టింది. గాజుపెంకులు అతని ఒళ్ళో రాలాయి. నుదుటి మీంచి నెత్తురు కారింది. రోడ్డు మీది జనమంతా ఆగిపోయారు.

"అమ్మాయి అడుగుతోంది కదండీ," అంది మహాలక్ష్మమ్మ, కత్తి మొన లోపలికి పెట్టి. "చెప్పండి."