పదహారు నంబరు బోల్టు

పెద్ద వరద వచ్చి పోయిన మరుసటి ఏడాది అది. అయుత్థయలోని మా వర్క్‌షాపులో నీళ్లు లేతు మిషన్ల మెడదాకా నిలిచాయి. నలభై ఏళ్ల డ్రాయింగులు గుజ్జయిపోయాయి. నా చొక్కా జేబులోని థ్రెడ్ గేజి, బోల్టు పళ్ల మధ్య దూరం కొలిచే రేకుల కట్ట, మిగిలింది.

డ్రాయింగులన్నీ మళ్లీ గీయడానికి యజమాని తావోన్, ఒరతై అనే అమ్మాయిని పెట్టుకున్నాడు. వరద తరవాత మొదటి ఆర్డరు తూము తలుపుల బోల్టులు. పదహారు మిల్లీమీటర్లవి, మూడు వందలు. పాత నట్లకు పట్టకపోతే షాపు మూసేస్తానని ఆయన ముందే చెప్పాడు.

ఒరతై కంప్యూటర్లో గీసింది ఒక్క బోల్టే. పక్కన ఒక పట్టిక. అందులో అంకె మారిస్తే బోల్టు లావెక్కేది, తల పెరిగేది, థ్రెడ్ మారేది.

"ఒక్క బొమ్మకి ఇరవై బోల్టులు పుట్టించింది ఆ పిల్ల. మీరేమో లుంగ్, పొద్దస్తమానం టూలు నూరుకుంటూ కూచుంటారు" అన్నాడు తావోన్. లేతు మీద పనిచేసే నన్ను షాపులో అందరూ లుంగ్, అంటే పెదనాన్న, అని పిలుస్తారు.

అన్నం తిన్నాక వెళ్లి ఆ పిల్ల వెనక నిలబడ్డాను. ఏ బోల్టుకి పళ్ల మధ్య ఎంత దూరమో కంప్యూటరుకెలా తెలుసని అడిగాను. మొదటి రెండు గడులు తను నింపిందట. గడి మూల పట్టుకుని కిందికి లాగితే మిగతావి అవే నిండాయట. కొలత కొలతకీ ఆ దూరం పావు మిల్లీమీటరు పెరుగుతూ పోయింది.

బొమ్మలను అసలు కొలతలో కాగితం మీద తీసిమ్మన్నాను. గేజి రేకులు ఒక్కొక్కటే ఆనించి చూశాను. పదికి కూర్చుంది, పన్నెండుకి కూర్చుంది, పధ్నాలుగుకీ కూర్చుంది. పదహారుకి ఏ రేకూ కూర్చోలేదు.

"ఇలాంటి పళ్లు నేను పుట్టాక కోయలేదు" అన్నాను.

"మీ గేజి వరదలో నానిందేమో, లుంగ్."

"ఇనుము నానదు. పధ్నాలుగూ పదహారూ అన్నదమ్ములు. ఒకే కొలత చొక్కా తొడుక్కుంటారు. ఇద్దరికీ రెండు మిల్లీమీటర్లే."

ఆమె కొలతల పుస్తకం తీసి చూసింది. ముఖం పాలిపోయింది. రేపు పొద్దున్నే లేతు ఎక్కాల్సిన బోల్టు అది.

"యజమానికి చెప్తారా?"

"నేనెవరికైనా ఏదైనా చెప్పగా చూశావా?"

అప్పుడు నవ్వింది. పదహారుకి ఎదురుగా ఉన్న గడిలో రెండు వేసింది. నా కళ్లముందే బోల్టు పళ్లు సర్దుకుంది. పద్దెనిమిది నుంచి కింద గడులన్నీ పుస్తకం చూస్తూ చేత్తోనే నింపింది. ఆ బోల్టుల్లో ఎవరెవరు అన్నదమ్ములో చూద్దామని ఉంది కానీ పొద్దుపోయింది.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి మొదటి బోల్టు కోశాను. పాత నట్టు వేళ్లతో తిప్పితేనే చివరిదాకా వెళ్లింది. దాన్ని ఒరతై బల్ల మీద పెట్టి, ఆమె కుర్చీలో కూర్చుని, ఆ పట్టికలో ఒక్క వేలితో పద్దెనిమిది నొక్కాను.