అడిగితేనే చెప్పాలి

పోయిన ఏడాది కొత్త చట్టం రాగానే మా మందుల షాపు ముందు బోర్డు మీది టీకాల మాట నేనే నిచ్చెనెక్కి పీకేశాను. అమెరికాలోని మా రాష్ట్రంలో ఇక టీకాలకి ప్రచారం చెయ్యకూడదు. వచ్చినవాళ్ళు అడిగితేనే చెప్పాలి. నోరు జారితే నా లైసెన్సు పోతుంది. ఎదురు పెట్రోలు బంకువాడు మాత్రం సిగరెట్లకి గోడంత బోర్డు పెట్టుకోవచ్చు. ఏం విడ్డూరమో!

సోమవారం వెల్మా గారు బీపీ మాత్రల కోసం వచ్చారు. చర్చిలో పియానో వాయించే పెద్దావిడ. పోయిన నెలే మనవరాలు పుట్టింది. మాత్రలు అందుకుంటూ ఖళ్ళుఖళ్ళున దగ్గారు.

"పుప్పొడి పడలేదే తల్లీ. ఏటా ఉండేదే."

అది పుప్పొడి దగ్గులా అనిపించలేదు నాకు. గ్రీటింగు కార్డుల దగ్గర ఎవరో కొత్త మనిషి ఒక్క కార్డూ తియ్యకుండా నిలబడి ఉన్నాడు. పక్క ఊరి షాపుకి ఇలాంటివాడే వచ్చి, టీకా మాటెత్తగానే లైసెన్సు పీకించాడని విన్నాను.

"ఇంకేమైనా అడగాలా వెల్మా గారూ?"

"లేదమ్మా."

"పాప కోసం? పాపని ఎత్తుకునేవాళ్ళ కోసం?"

"చాల్లేవే, సరుకు అంటగట్టడం బాగా నేర్చావు!" నవ్వేసి వెళ్ళిపోయారు.

మా ఊళ్ళో మర్యాదస్తులు కౌంటరు దగ్గర ఏదీ అడగరు, ఇలాగే నవ్వేసి వెళ్ళిపోతారు. నాకు కాళ్ళు ఆగలేదు. వెనకాలే పరిగెత్తి ఆవిడ పికప్ ట్రక్కు తలుపు పట్టుకున్నాను. కొత్త మనిషి కూడా గుమ్మంలోకి వచ్చాడు. అయినా చెప్పేశాను.

"పాప దగ్గరికి వెళ్ళకండి. అది కోరింత దగ్గేమో. ఇంట్లో పెద్దవాళ్ళంతా టీకా వేయించుకోవాలి."

"వెళ్ళకపోవడమేంటి? వారం నుంచీ అక్కడే ఉన్నాను. నా భుజం మీదే నిద్రపోతుంది. బట్టల కోసం వచ్చానంతే." ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "దానికీ జలుబు చేసింది. దగ్గితే మూతి నీలంగా అవుతోంది. చలికేమో అనుకున్నాం."

"ఫోను చెయ్యండి! ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి!" అని అరిచాను.

ఆవిడ స్పీకరు పెట్టి ఫోను చేస్తే కొడుకు ఎత్తాడు. అతని మాటల వెనక పాప దగ్గు వినిపించింది. ఆగకుండా దగ్గి, ఒక్కసారిగా ఆగిపోయింది. "పాపా! పాపా!" అని అతను కేకలు పెడుతున్నాడు.

వెల్మా గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"పాప పుట్టకముందే దాని గౌన్లకి రిబ్బను నీ దగ్గరే కొన్నాను కదే. అప్పుడెందుకు చెప్పలేదు?"