నలభై ఒకటో లైను

నాకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరికీ తెలుసు. నా వెనక 'మిరపకాయ్' అంటారని నాకూ తెలుసు. ఆ పేరు పెట్టింది మా బావ. మా అక్కయ్య భర్త, నాకు ఈ పని నేర్పినవాడు, రెండేళ్ళ కిందటి దాకా నా పక్క కుర్చీలో కూర్చున్నవాడు.

మేము ఆసుపత్రుల్లో సెలైను పంపుల్ని నడిపే ప్రోగ్రాం రాస్తాం. గొట్టం మూసుకుపోతే పంపు గట్టిగా మోగాలి. రెండేళ్ళ కిందట ఒక వార్డులో అది మోగలేదు. ఒక ముసలావిడ స్పృహ తప్పింది. అటుగా వచ్చిన నర్సు చూసింది కాబట్టి బతికింది. అలారం ఫైలు రాసింది బావ. 'తప్పు పూర్తిగా ఇతనిదే' అన్న విచారణ కాగితం మీద అందరికంటే ముందు సంతకం పెట్టింది నేను. బావ ఉద్యోగం పోయింది. ఆ మచ్చతో మళ్ళీ ఎవరూ పనివ్వలేదు.

"సంతకం పెట్టేముందు నువ్వు కూడా ఒకసారి వెతికి చూడొచ్చు కదే!" అని అక్కయ్య ఏడ్చింది.

"ప్రాణాలకి సంబంధించిన విషయమక్కా! ఇందులో చుట్టరికాలేంటి?" అని ఎగిరిపడ్డాను. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. నా మొహానికి పెద్ద న్యాయమూర్తిననుకున్నాను మరి.

మొన్న మా టీము పెద్దాయన నాకొక కొత్త పనిముట్టు అప్పజెప్పాడు. ప్రోగ్రాంలో ఒక ఫైలు తనకు కావలసింది ఇంకో ఫైలు నుంచి తెచ్చుకుంటుంది. దాన్నే ఇంపోర్టు అంటాం. ఎవరు ఎవరి గడప తొక్కకూడదో మనం నియమాలు రాసిస్తే, ఈ పనిముట్టు ఫైళ్ళన్నీ తిరిగి తప్పినవాళ్ళని పట్టిస్తుంది. నేరుగా వెళ్ళినవాళ్ళనే కాదు, ఇంకొకరి ఇంట్లోంచి దొడ్డిదారిన వెళ్ళినవాళ్ళని కూడా.

ఉదయమంతా కూర్చుని నియమాలు రాశాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి: అసలు పంపుని నడిపే ఫైళ్ళు శిక్షణ ఫైళ్ళ నుంచి ఏదీ తెచ్చుకోకూడదు. శిక్షణ ఫైళ్ళు నర్సులు నేర్చుకునే తరగతి కోసం. అక్కడ ముప్పై పంపులు ఒకేసారి మోగితే చెప్పేవాళ్ళ మాట వినబడదని అలారం మోత సున్నా పెట్టి ఉంచాం.

మొదటిసారి నడిపితే ఒక్క తప్పూ లేదంది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. తీరా చూస్తే ఫోల్డరు పేరు నేను తప్పుగా రాశాను. అది చూసిన ఫైళ్ళు కూడా సున్నాయే! అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పేరు సరిచేసి మళ్ళీ నడిపాను.

ఈసారి ఒక ఎర్ర గీత వచ్చింది. నియమం తప్పింది, దారి ఇదీ అని చూపించింది. అలారం ఫైలు, అక్కడినుంచి పంపు సెట్టింగులుండే సర్దుబాట్ల ఫైలు నలభై ఒకటో లైను, అక్కడినుంచి శిక్షణ ఫైలు.

సర్దుబాట్ల ఫైలు నాది.

ఆ లైను తెరిచాను. ఆసుపత్రివాళ్ళు మోత ఎంతో పెట్టకపోతే శిక్షణ ఫైల్లో ఉన్నంతే తీసుకోమని ఉంది. అంటే సున్నా! మా పరీక్షల గదిలో మోత చేత్తో పెట్టి నడుపుతాం కాబట్టి ఎప్పుడూ బయటపడలేదు. ఎవరు రాశారని ఆ ఫైలు మార్పుల చరిత్ర తీశాను. నా పేరు. తేదీ, ఆ ముసలావిడ స్పృహ తప్పడానికి సరిగ్గా మూడు వారాల ముందు.

ఆ సంఘటన తర్వాత ఎవరో అలారం ఫైల్లోనే మోత కనీసం ఇంత ఉండాలని రాసేశారు. పంపులు బాగయ్యాయి. అసలెందుకు మోగలేదో ఎవరూ వెతకలేదు. దోషి దొరికాడుగా, ఇంకెందుకు వెతకడం!

"ఇప్పుడు ప్రమాదమేమీ లేదు కదమ్మా," అన్నాడు పెద్దాయన నా భుజం మీదుగా చూస్తూ. "దీన్ని మినహాయింపుల్లో రాసెయ్, పనిముట్టు పట్టించుకోదు. రేపు తనిఖీవాళ్ళొస్తారు, అంతా పచ్చగా కనబడాలి."

సిగ్గులేకుండా చెబుతున్నాను, రాశాను. మినహాయింపుల్లో ఒక్క లైను. మళ్ళీ నడిపితే తెరంతా పచ్చబడింది. నియమాలన్నీ పాటించారంది. ఎంత తేలిక! ఒక మనిషి బతుకుని అంత చిన్న లైను కింద పాతిపెట్టొచ్చా అని నాకే భయం వేసింది.

ఆ లైను కొట్టేశాను.

"సార్, ఆనాడు తప్పు మా బావది కాదు. నాది."

"పిచ్చా నీకు? పాత ఫైలు తిరగదోడితే నీ ఉద్యోగం ఉంటుందా?"

"పోతే పోనీండి," అన్నాను. ఎర్ర గీత ఉన్న నివేదికని నా పేరుతోనే విచారణ చేసినవాళ్ళకి పంపించి, ఒక కాపీ అచ్చు తీసుకుని అక్కయ్య ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసిన అక్కయ్య నన్ను చూసి పక్కకి తప్పుకుంది. ముందుగదిలో బావ ఎవరిదో టేబుల్ ఫ్యాను విప్పి బాగుచేస్తున్నాడు. ఇప్పుడు అదే అతని పని.

"రావే మిరపకాయ్," అన్నాడు, నిన్ననే చూసినట్టు.

నిలబడే అంతా చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది. అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఇంకోసారి చెప్పు. ఆవిడకి అలా అయింది... నా వల్ల కాదా?"

"కాదు బావా."

రెండేళ్ళుగా అతను ఆ ముసలావిడని తన తల మీద మోస్తున్నాడని నాకప్పుడు అర్థమైంది. చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. వేలితో దారి వెంటే వెళ్ళి నలభై ఒకటో లైను దగ్గర ఆగిపోయాడు.

"ఈ ఫైలు పేరు నేను చూశాను," అన్నాడు మెల్లగా. "ఉద్యోగం పోయే ముందు రోజు ఒక్కో ఫైలూ వెతుకుతూ ఇక్కడిదాకా వచ్చాను."

"మరి?"

"నువ్వు రాసిన ఫైలు కదా, సరిగ్గానే ఉంటుందిలే అని లోపలికి చూడకుండా దాటేశాను."

అక్కయ్య గోడకి ఆనుకుని నా వైపే చూస్తోంది. కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు.