స్తంభం మీది నెంబరు

ఫోనులో ఎవరో మగమనిషి నా పిన్ నెంబరు నాకే చదివి వినిపించాడు. ఏడు, రెండు, నాలుగు, ఆరు.

నేనప్పుడు పెరట్లో బిందె తోముతున్నాను. చేతి బూడిద కొంగుకు తుడుచుకుని ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"చూశారా ప్రమీలమ్మగారూ, మేము బ్యాంకువాళ్లం కాకపోతే మీ నెంబరు మాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగు అది. మీ సంఘంలోని కెంచమ్మగారు యంత్రం తెప్పించుకున్నారు కదా, ఆమె డబ్బు వాపసు చేస్తుంటే మీ ఖాతా కూడా అందులో చిక్కుకుంది, ఇప్పుడే సరిచేసుకోకపోతే సాయంత్రానికి మూసేస్తారు అని గడగడా చెప్పుకుపోయాడు. నేను మాట్లాడకుండా ఫోను కట్టేశాను. బిందె అక్కడే వదిలేసి కెంచమ్మ ఇంటికి నడిచాను. నడిచాను అంటున్నాను గానీ సగం దారి పరుగే.

ఆ నెంబరు మా ఆరుగురిదీ. కన్నడ సీమలో హగరి ఏటి దగ్గర మా ఊళ్లో మాదొక సంఘం. మిరపకాయల తొడిమలు తీసి, కారం పట్టించి, కలిసి అమ్ముకుంటాం. అక్షరాలు కూడా కలిసే నేర్చుకున్నాం. రోహిణి టీచరు ఇంటి అరుగు మీద, వీధి దీపం వెలుతురులో సాయంత్రాలు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ దీపం ఉన్న కరెంటు స్తంభం మీద నల్ల రంగుతో ఒక నెంబరు రాసుంది. మేము మొదట తప్పు లేకుండా చదివిన అంకెలు అవే. తరువాత ఫోనులో డబ్బు పంపుకోవడం నేర్పడానికి బ్యాంకు అమ్మాయి వచ్చి, మీకు మరుపు రాని నెంబరు ఒకటి పెట్టుకోండి అంది. పుట్టిన తేదీ మాత్రం వద్దంది. మాలో పుట్టిన తేదీ తెలిసినవాళ్లు ఎవరున్నారు గనక? కెంచమ్మే స్తంభం వైపు చెయ్యి చూపించింది. మరిచిపోతే తల పైకెత్తి చూసుకుంటే చాలు. అందరం అదే కొట్టాం. మేము కొడుతుంటే ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి నిలబడింది. మీ నెంబరు నేను కూడా చూడకూడదు, బ్యాంకుకు కూడా తెలియకూడదు అంది. ఆమె అలా తిరగడం చూసి మేము కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

కెంచమ్మ గడపలోనే కూర్చుని ఉంది. ముందు చించిన అట్టపెట్టె, అందులో గోళ్లు కత్తిరించుకునే కత్తెర ఒకటి. ఫోనులో ఏదో ప్రకటన చూసి మిరపకాయల తొడిమలు తీసే యంత్రానికి డబ్బు కట్టిందట. సగం ధర కంటే తక్కువకే వస్తుందని ఆశపడింది. తొడిమలు తీసి తీసి రాత్రికి వేళ్లు మండుతాయి మాకు, ఆ ఆశను నేను తప్పు పట్టలేను. పెట్టెలో ఇది వచ్చేసరికి, ఆ కంపెనీ పేరు ఫోనులో వెతికి, కనబడిన నెంబరుకు ఫోను చేసింది. అక్కడ తగిలాడు ఇతను.

"తెలుగులో మాట్లాడినాడక్కా," అంది కెంచమ్మ. "మన బ్యాంకులో ఎప్పుడన్నా ఎవరన్నా తెలుగులో మాట్లాడినారా? అంతా కన్నడమే కదా. ఎంత మర్యాదగా మాట్లాడినాడో. డబ్బు వాపసు పంపాలంటే పిన్ కొట్టమనె. నాకు తెరమీద సరిగా కనపడక నోటితోనే చెప్తి."

"మా నెంబర్లు ఎట్ల తెలిసినాయి వానికి?"

కెంచమ్మ కత్తెరను పెట్టెలో పెట్టింది, మళ్లీ తీసింది. కంపెనీ తరఫున అందరికీ బహుమతి ఉంది, సంఘంలో ఎవరెవరున్నారని అడిగాడట. పేర్లూ ఫోన్ నెంబర్లూ అన్నీ చెప్పింది.

"మీ అందరివీ పిన్‌లు వేరే వేరేనా అమ్మా అని అడిగె. లేదప్పా, మాకందరికీ ఒకటే అంటి. నవ్వినాడు. ఆయప్ప నవ్వితే నేనూ నవ్వితి."

ఆమె ఫోను తీసి మెసేజీలు చూశాను. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు. ఖాతాలో మిగిలింది సున్నాయే. అతను చెప్పగా ఎక్కించుకున్న కొత్త యాప్ గుర్తు ఒకటి తెరమీద మెరుస్తోంది. ఫోను ఆపేయమన్నాను. పక్కింటివాళ్ల ఫోను అడిగి ఒకటి తొమ్మిది మూడు సున్నాకు చేసి జరిగింది చెప్పమన్నాను. ఫోను మోసాల మీద ఫిర్యాదు చేసే ఆ నెంబరు మా బ్యాంకు గోడ మీద పెద్దగా రాసి ఉంటుంది.  భుజం పట్టుకుని పక్కింటి గడప ఎక్కించాను.

అప్పుడు గుర్తుకొచ్చింది నాకు మా సంఘంలోని అంజినమ్మ వదిన. ఈ ఏడాది ఆరుగురం పట్టించిన కారమంతా ఒక హాస్టలు వాళ్లు కొన్నారు. ఆ డబ్బు నిన్ననే అంజినమ్మ ఖాతాలో పడింది. ఇక పరాయి మర ముందు తట్టలు పెట్టుకుని నిలబడే పని లేకుండా, దాంతో మాదే ఒక కారం మర పెట్టుకోవాలని అనుకున్నాం. అంజినమ్మ ఉదయమే ఏటి పక్కనున్న కళ్లానికి మిరపకాయలు తిరగెయ్యడానికి పోయింది.

ఫోను చేశాను. మీరు ఫోను చేసిన వ్యక్తి వేరే కాల్‌లో ఉన్నారని కన్నడంలో వచ్చింది. మళ్లీ చేశాను. అదే మాట. అంజినమ్మకు ఫోన్లు చేసేవాళ్లెవరు? చేస్తే ఎంతసేపు మాట్లాడుతుంది ఆమె? వచ్చిన ఫోనుకు "ఊ, సరే" అని పెట్టేసే మనిషి.

ఆటో నడిపే దుర్గప్ప వీధి మొదట్లో తన ఆటోలోనే కూర్చుని రొట్టె తింటున్నాడు. కళ్లానికి పోవాలన్నాను. తినేది ముగించి పోదాం అన్నాడు. ముందు నడుపు, తర్వాత తిను అన్నాను. "ఏందక్కా, ముహూర్తం దాటిపోతాండాదా?" అని ఎగతాళి చేశాడు గానీ నా ముఖం చూసి రొట్టె మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రైలు గేటు పడి ఉంది. ఖనిజం మోసుకుపోయే గూడ్సు. డబ్బా వెనక డబ్బా, ఎర్రమట్టి దుమ్ము, దానికి తోక లేనట్టే ఉంది. నేను ఆటో దిగాను. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను. మళ్లీ ఫోను చేశాను. మళ్లీ అదే కన్నడం. ఆ చివర అతను ఏం చెబుతున్నాడో, ఆమె ఎంతవరకు నమ్మిందో. నా నోట్లోనూ ఆ నాలుగు అంకెలే తిరుగుతున్నాయి, పాడు నెంబరు, ఎంత తరిమినా పోదు. దుర్గప్ప కూర్చో అక్కా అన్నాడు. కూర్చుంటే ఇంకా కష్టంగా ఉంది.

కళ్లంలో నేలంతా ఎరుపు. గాలికి ఘాటు లేచి ముక్కు మండింది. మూలన టార్పాలు నీడలో అంజినమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టుకుంది, మాట బయటికి పెద్దగా వినబడుతోంది. చూపుడు వేలు గాలిలో ఆగి ఉంది.

"ఆ చివరి అంకె కూడా కొట్టండమ్మా," అంటున్నాడు అతను.

"కొట్టొద్దు వదినా," అన్నాను.

ఆమె చేత్తోనే నన్ను కూర్చోమంది. "బ్యాంకాయప్ప మాట్లాడతాండాడు, ఉండు."

"బ్యాంకాయన కాదు. దొంగ. కెంచమ్మను ముంచినాడు."

"దొంగకు మన నెంబరు ఎట్ల తెలుస్తుంది? నేను చెప్పకముందే ఆయప్పే చెప్పినాడు."

అతను విన్నాడు. గొంతు ఇంకా మెత్తబడింది. "అమ్మా, మీ పక్కన ఎవరో వచ్చినట్టున్నారు. సంఘం డబ్బు మీద చాలామందికి కన్ను ఉంటుంది. కొంచెం పక్కకు వెళ్లి మాట్లాడండి."

అంజినమ్మ నా వైపు చూసింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అలా చూడలేదు. ఫోను మెల్లగా కొంగు కిందికి జరుపుకుంది. లాక్కుందామా అని నా చెయ్యి లేచింది. లాక్కుంటే అతని మాటే నిజమవుతుంది. నేను అటు పోగానే ఆమె మళ్లీ అతనికే ఫోను చేస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నా మాట నమ్మొద్దులే వదినా. ఆయప్పనే అడుగు. ఆ నెంబరు యాడ రాసుండాదో చెప్పమను."

"అదేం పెద్ద ప్రశ్న?" అంది. కానీ వేలు పక్కకు తీసింది. ఫోను వైపు వంగింది. "ఏమప్పా, మా నెంబరు యాడ రాసుండాదో చెప్పు, కొడతా."

"మా కంప్యూటర్లో ఉందమ్మా."

"కంప్యూటర్ కాదప్పా. మేము రోజూ చూస్తాం దాన్ని. యాడ?"

 మీ పాస్‌బుక్కు మీద ఉంటుందన్నాడు. అంజినమ్మ కాదంది. అయితే కార్డు మీద అన్నాడు. అదీ కాదంది, నెమ్మదిగా, పలక మీద తప్పు రాసినవాళ్లకు టీచరు చెప్పినట్టు. అతని గొంతు మారిపోయింది. టైము లేదు, ఖాతా మూసేస్తాను, తరువాత ఏడ్చినా రాదు, కొట్టవే ముసలిదానా అన్నాడు. వార్తల తెలుగు ఎటుపోయిందో.

"నువ్వు మా వీధికి ఎప్పుడూ రాలేదప్పా," అంది అంజినమ్మ. ఫోను కట్టేసింది.

తెరమీద నాలుగు గుండ్రటి సున్నాలు. మూడు నిండి ఉన్నాయి, ఒకటి ఖాళీ. నేను పక్కన కూలబడ్డాను. డబ్బు మన దగ్గరికి రావడానికి పిన్ అక్కర్లేదు వదినా, పోవడానికే కావాలి, వానికి నెంబరు తెలిసినా మన ఫోనులో మనమే కొట్టాలి, అందుకే నీతో కొట్టిస్తాండాడు అని చెప్పాను. ఆమె వింటున్నట్టు లేదు. తన వేలినే చూసుకుంటోంది. కొంతసేపటికి, "నిన్ను తప్పుగా చూస్తి," అంది.  మిగిలిన ముగ్గురికీ ఫోను చెయ్యాలి. ఆమె ఫోను పట్టుకుంటే నేను నొక్కాను.

ఇద్దరికి అతను అప్పటికే చేశాడు. ఒకామె పొలం పనిలో ఉండి ఎత్తలేదు. ఇంకొకామె, నా మొగుడు వచ్చినాక మాట్లాడప్పా అని పెట్టేసిందట.

మరునాడు ఆరుగురం బ్యాంకుకు పోయాం. కెంచమ్మ ఫిర్యాదు చేసింది, ఆమె డబ్బు వస్తుందో రాదో అక్కడ ఎవరూ గట్టిగా చెప్పలేదు. మా మరకు పెట్టుకున్న డబ్బు మాత్రం అలాగే ఉంది. మాకు ఫోనులో డబ్బు పంపడం నేర్పిన అమ్మాయే అక్కడ ఉంది. ఎవరి నెంబరు వాళ్లే ఆలోచించుకోండి, పక్కవాళ్లకు కూడా చెప్పకండి అని గోడ వైపు తిరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తలా ఒక మూలకు తిరిగి కూర్చున్నాం. ఒకే అరుగు మీద రాసుకున్నవాళ్లం, వీపులు కలిపి కూర్చున్నాం. నాకు ఎంతసేపటికీ స్తంభం తప్ప వేరే అంకె తోచలేదు.

"మరిచిపోతే ఎవుర్ని అడగాల?" అంది వెనక నుంచి కెంచమ్మ.

ఎవరూ వెనక్కి తిరగలేదు.