క్లాప్ కొడితే వచ్చే ఒట్టో

కుక్కల్ని కొట్టకుండా, కేకలేయకుండా, ముక్క పెట్టి మెచ్చుకుని మాత్రమే దారికి తెచ్చే ట్రైనర్‌ని అవుతానంటే మా ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. నాకున్న నోరు అలాంటిది. కూరగాయల బండివాడు మా గుమ్మం ముందు ధర తగ్గించే చెబుతాడు. ఆ నోరంతా ఇంట్లోనే లెండి. బయట మాత్రం, దర్శకుడు సుబ్బరామయ్యగారి దగ్గర, ఆరేళ్లు కిక్కురుమనకుండా క్లాప్ అసిస్టెంటుగా చేశాను. షాట్‌కి ముందు కెమెరా ఎదుట క్లాప్ బోర్డు కొట్టి పక్కకు తప్పుకోవడం నా పని. ఆలస్యమైతే తిట్లు, తొందరైతే తిట్లు. ఒకరోజు ఇక చాలు తల్లీ అనుకుని మానేసి, ఆన్‌లైన్‌లో కుక్కల కోర్సులో చేరాను.

దొరక్క దొరక్క దొరికిన క్లయింటు హన్నా. హాలండ్ నుంచి ఉద్యోగం మీద వచ్చి జూబ్లీ హిల్స్‌లో ఉంటోంది. ఆవిడ కుక్క ఒట్టో దూడంత ఉంటాడు. వాడు మంచి పని చేసిన మరుక్షణమే ఒక చప్పుడు చేసి చికెన్ ముక్క పెట్టాలి. చెడ్డ పని చేస్తే ఊరుకోవాలి. చప్పుడు చేయడానికి క్లిక్కర్ అని చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాన్ని ఒట్టో మొదటిరోజే నమిలేశాడు. ఇంకోటి వచ్చేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? ఇంట్లో మూలపడున్న క్లాప్ బోర్డు పట్టుకెళ్లాను.

అది వాడికి తెగ నచ్చింది. టప్పుమంటే చాలు, ఏ మూలనున్నా దౌడు తీసుకుంటూ వచ్చి నా ముందు కూర్చుని నోరు తెరిచేవాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి హీరో ఎవరని అడిగేవారు. ఒట్టోని చూపించేదాన్ని.

ఆ చుట్టుపక్కల ఉండే విదేశీయులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. వాళ్ల కుక్కలకూ ట్రైనర్ కావాలట. ఆదివారం వచ్చి నా పని చూస్తామన్నారు. గొంతు పెంచే మనిషి మాత్రం వద్దని ముందే కబురంపారు. నచ్చితే కుక్కలన్నీ నావి. నచ్చకపోతే మళ్లీ సుబ్బరామయ్యగారి దగ్గరికే, ఎందుకంటే చేతిలో డబ్బులు అయిపోయాయి, నాకు వచ్చిన ఇంకో పని అదొక్కటే.

ఆదివారం పొద్దున ఫిల్మ్ నగర్‌లో ఒక గుడి వెనక ఖాళీ స్థలంలో మొదలెట్టాం. విదేశీయులు టోపీలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒట్టో కూర్చోమంటే కూర్చున్నాడు, ఆగమంటే ఆగాడు. నేను లోలోపల పొంగిపోతున్నాను. అంతలో గుడి ముందు నుంచి టప్పుమని వినిపించింది. నా చేతిలో బోర్డు కదల్లేదు. ఒట్టో మాత్రం మాయమయ్యాడు.

హన్నా డ్రైవర్ నర్సింహ తీరిగ్గా వచ్చి చెప్పాడు. "మేడం, గాడ సిన్మా ముహూర్తం అయితుంది. మనోడు కెమెరా ముంగట కూసున్నడు."

కొంప మునిగిందనుకుంటూ పరిగెత్తాను. నా వెనక టోపీలన్నీ పరిగెత్తాయి. అక్కడ కొత్త సినిమా మొదటి షాట్. దండలు, కొబ్బరికాయలు, హారతి. కెమెరాకీ హీరోకీ మధ్య ఒట్టో బుద్ధిగా కూర్చుని, క్లాప్ కొట్టిన పెద్దమనిషిని నోరు తెరిచి చూస్తున్నాడు. నిర్మాతకు కళ్లమ్మట నీళ్లు. ముహూర్తానికి కాలభైరవుడే వచ్చాడని ఒట్టోకి బొట్టు పెట్టి, హీరో మెడలోని దండ తీసి వాడికి వేశాడు. మన సినిమావాళ్ల సెంటిమెంటు తెలిసిందేగా. ఆ శుభశకునం ఫ్రేములో సరిగ్గా పడలేదని ఇంకోసారి క్లాప్ కొట్టించారు. ఒట్టో ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. మళ్లీ కొట్టించారు. వాడు తోక కూడా సర్దుకున్నాడు. ముక్క మాత్రం ఎవరూ పెట్టలేదు. పాపం, ఏం తప్పు చేశానా అన్నట్టు అందరి మొహాలూ చూసి, చివరికి ఒక్కసారి మొరిగాడు.

"ఏయ్! బుద్ధి లేదా? షాట్ జరుగుతుంటే అరుస్తావా?" అని మైకులో ఒక గొంతు.

ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి! సుబ్బరామయ్యగారే. పుట్టి బుద్ధెరిగి తిట్టు వినని ఒట్టో చెవులు వాల్చేసి నేలకు అతుక్కుపోయాడు. దండ మెడలోనే ఉంది. అది చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. టోపీలూ గ్రూపూ ఏవీ గుర్తులేవు.

"మీరు కొట్టినప్పుడల్లా వచ్చి కూర్చున్నాడండీ! ఒక్కసారైనా బాగుందన్నారా? తిట్టడానికైతే మైకు కావాలి!"

సుబ్బరామయ్యగారికి మైకు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అప్పుడు నా గొంతు నాకే వినపడింది. అయిపోయింది, కుక్కలన్నీ పోయాయి అనుకున్నాను. నిర్మాత మాత్రం భైరవుడికి కోపం వస్తే సినిమా ఆడదని హడలిపోయి, వెంటనే మెచ్చుకోమని దర్శకుణ్ణి బతిమాలాడు. నేను సంచిలోంచి చికెన్ ముక్క తీయబోతే పూజారి మండిపడ్డాడు. చివరికి సుబ్బరామయ్యగారు మోకాళ్ల మీద కూర్చుని, ఒట్టోకి కొబ్బరిముక్క పెట్టి, నోరు తిరగని మంత్రం చదువుతున్నట్టు "బాగుంది" అన్నారు. ఒట్టో లేచి తోకూపాడు. లైట్‌మన్ ఒకతను వెళ్లి ఒట్టో వెనక నిలబడి చెయ్యి చాచాడు. అతని వెనక మేకప్‌మన్. ఆ వెనక హీరో. చూస్తుండగానే యూనిట్ అంతా వరసలో ఉంది. ఏది శకునమో, ఏది కాదో తెలియని భయంతో ఆయన ఒక్కొక్కరికీ ముక్క పెట్టి బాగుంది, బాగుంది అంటూ పోయారు.

నేనేమని అరిచానని హన్నా నర్సింహని అడిగింది. కుక్క తరఫున కొట్లాడిందని చెప్పాడతను. టోపీలు కాసేపు గుసగుసలాడుకున్నాయి. అరిచింది కుక్క మీద కాదు గదా అని హన్నా తేల్చింది. మంగళవారం నుంచి రమ్మన్నారు. ఆనందంతో ఏడుపొచ్చింది నాకు.

వరసలో నేను లేను. అయినా సుబ్బరామయ్యగారు ఆఖరి కొబ్బరిముక్క పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"నువ్వు బాగా కొట్టేదానివమ్మా రాజ్యలక్ష్మీ. రేపట్నుంచి వచ్చెయ్."

ఈ మాట కోసం ఎన్ని పొద్దులు ఎండలో నిలబడ్డానో నాకు తెలుసు.

"ఏ క్లాపు బాగుంది సార్?" అన్నాను.

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ముక్క అప్పటికప్పుడు పెట్టాలి సార్," అన్నాను మెల్లగా, ఒట్టోతో మాట్లాడినట్టు. "ఆలస్యమైతే దేనికి పెట్టారో తెలియదు."