టేపు వేసిన లెన్స్

లోహిత్ పోయాక నేను ఏడవలేదు. గొప్పకి చెప్పడం లేదు. ఏడుపు రాలేదు, అంతే. ఆఫీసులో మీటింగ్ మధ్యలో గుండె ఆగి పోయాడు. నేను ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టాను, పదకొండో రోజు వచ్చినవాళ్లకి వడ్డించాను, నెల తిరిగేసరికి మళ్లీ లాగిన్ అయ్యాను. మణికొండలో మా అపార్ట్‌మెంట్ వాళ్లు లిఫ్టులో నా మొహంకేసి చూసి నిరాశపడేవారు. వాళ్ల సంగతి వదిలేయండి. అసలు ఆ మనిషి మీద నాకు ప్రేమ ఉండేదా అని నాకే అనుమానం పట్టుకుంది.

మా అత్తగారు అమ్మణ్ణిది రోజూ ఒకటే మాట.

“ఒక్కసారి ఏడవ్వే తల్లీ. అంతా లోపలే పెట్టుకుంటే నువ్వేమైపోతావు?”

“రావట్లేదండీ అత్తయ్యగారూ,” అనేదాన్ని, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా.

లోహిత్‌కి నీళ్ల ఫోటోల పిచ్చి. దానికో ఫిల్టర్ ఉంటుంది, లెన్స్ ముందు బిగించే నల్లద్దం. వెలుతురు దాన్లోంచి కొంచెం కొంచెంగానే లోపలికి పోతుంది కాబట్టి పొద్దున పూట కూడా షట్టర్‌ని అరనిమిషం తెరిచి ఉంచొచ్చు. ఆ అరనిమిషంలో కదిలేదంతా చెరిగి మెత్తగా అయిపోతుంది, కదలనిది ఉన్నదున్నట్టు పడుతుంది. ఆదివారాలు నానక్‌రామ్‌గూడ టవర్ల వెనకున్న చెరువు అలుగు దగ్గరికి నన్నూ లాక్కెళ్లేవాడు. సబ్బు నురగతో కంపు కొట్టే ఆ నీళ్లు ఫోటోలో పాలలా పడేవి.

“ముక్కు లేనివాళ్ల కోసం తీస్తున్నావు,” అనేదాన్ని. నవ్వేవాడు.

నల్లద్దం బిగించాక కెమెరాలోంచి ఏమీ కనిపించదు. అందుకని ముందే ఫోకస్ చేసుకుని, అద్దం తిప్పేటప్పుడు లెన్స్ రింగు కదలకుండా దాని మీద టేపు ముక్క వేసేవాడు. పనయ్యాక ఆ టేపు పీకి నా చున్నీకి అంటించేవాడు. నాకు ఒళ్లు మండేది.

కెమెరా శేఖర్‌కి ఇచ్చేద్దామన్నారు అత్తగారు. శేఖర్‌ది సిద్దిపేట, లోహిత్ టీమే. ఈ పిచ్చి ఇద్దరూ కలిసే తగిలించుకున్నారు. ఇంటికొచ్చి బ్యాగు తెరిచాడు. లెన్స్‌కి నల్లద్దం అలాగే ఉంది, రింగు మీద టేపూ ఉంది.

“అన్న ఎన్నడు గిట్ల పెట్టడు వదినా. ఏమైంది ఆ రోజు?”

“షట్టర్ నొక్కేలోపే వాన దంచికొట్టింది. అలాగే బ్యాగులో కుక్కేసి పరిగెత్తాం.”

అదే మా ఆఖరి ఆదివారం. శేఖర్ రింగు మీది అంకెలు చూశాడు.

“నీళ్లు తీస్తుండెనా?”

“ఇంకేం తీస్తాడు?”

“కాదు వదినా. నీళ్లకైతే రింగు ఇంకా దూరం తిప్పాలె. గిది రెండు మీటర్ల కాడనే ఆగింది. దగ్గరల ఏమున్నది?”

దగ్గరలో నేనున్నాను. బండ మీద కూర్చుని, పక్కన ఫ్లాస్కు పెట్టుకుని కాఫీ తాగుతున్నాను. “కాసేపు కదలకు,” అన్నాడు లోహిత్. స్టాండు అదురుతుందని ప్రతిసారీ అనే మాటే అనుకున్నాను. “కదిలితే నీ చెరువేమైనా పారిపోతుందా?” అన్నాను.

శేఖర్ చెప్పింది విన్నాక కూడా నాకేమీ కాలేదు. ఓహో అనుకున్నాను. అతను గోటితో టేపు గీకబోతుంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఉండనీ. ఆ ఫోటో నువ్వు తియ్యి.”

ఆదివారం ముగ్గురం వెళ్లాం. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కార్లోనే కూర్చున్నారు. నేను అదే బండ మీద, అదే ఫ్లాస్కు పక్కన కూర్చున్నాను. శేఖర్ అడుగులతో దూరం కొలిచి స్టాండు నిలబెట్టాడు.

“లోపల ఏం కనవడ్తలేదు వదినా, అందాజగ పెట్టిన. జర కదలకుండ్రి.”

కదలకుండా ఉండటం నాకు కొత్తా? లోహిత్ పోయినప్పటి నుంచీ చేస్తున్నది అదేగా. షట్టర్ తెరుచుకున్న చప్పుడైంది. నేను ఆ నల్లద్దంలోకి చూశాను. దాన్ని బిగించకముందు లోహిత్ ఇటే చూశాడు. నన్ను చూసి, రింగు తిప్పి, అది చెదిరిపోకుండా టేపు వేశాడు.

ముందు నా గడ్డం వణికింది. పళ్లు బిగబట్టాను, ఆగలేదు. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. గొంతులోంచి వచ్చిన అరుపు నాదేనని కాసేపటికి గాని తెలియలేదు. కారు తలుపు తీసుకుని అత్తగారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. నా తల పొట్టకి అదుముకున్నారు.

ఏడుపు కాస్త తగ్గాక శేఖర్ కెమెరా తెచ్చి చూపించాడు. బండ మీది పగుళ్లన్నీ స్పష్టంగా పడ్డాయి. ఫ్లాస్కు పడింది. వెనక నీళ్లు పాలలా ఉన్నాయి. నా మొహం ఉండాల్సిన చోట మాత్రం పొగలాంటి మరక ఉంది.

“ఖరాబైంది వదినా. ఇంకోటి తీస్త, కదలకుండ కూసోండ్రి.”

“వద్దు, ఇదే బాగుంది,” అన్నాను.

టేపు నేనే పీకి నా చున్నీకి అంటించుకున్నాను.