మగ్గం గుంతలో మా పూజ

మా పూజకు పది నెలలు. పేరు పెట్టినప్పుడు తెలియలేదు, పూజలు చేయాల్సింది మేమేనని. పుట్టిన గంటకే నర్సు వేలు పట్టుకొని వదల్లేదు. "పిల్ల గట్టిది" అని ఆమె మురిసిపోయింది. ఆమెకేం, డ్యూటీ దిగి ఇంటికి పోయింది.

ఇది పడుకోదు, కూర్చోదు. ఎత్తుకుంటే కిందికి దూకుతానంటుంది, దింపితే చంకెక్కుతానంటుంది. ఉగ్గు పెడితే నా మొహాన ఊస్తుంది, చీపురు పుల్ల మాత్రం కమ్మగా నములుతుంది. జమ్ములమ్మ గుడిలో కుంకుమ పెట్టబోయిన పూజారి మీసం పట్టుకొని గుంజింది. అమ్మవారు చూస్తూ ఊరుకుంది. ఆమెకూ భయమే అనుకుంటా.

ఇదంతా భరిద్దును, మగ్గం మీద నా చోటు పోకుండా ఉంటే. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు పట్టు. ఆ రెండింటినీ కలుపుతూ నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. పెళ్లైనప్పటి నుంచి మా ఆయన సుదర్శన్ పక్కన ఆ రెండో చోటు నాదే. కానుపుకు పుట్టింటికి పోతే పక్కింటి గోవిందన్న వచ్చి కూర్చున్నాడు. ఇంకా లేవలేదు. మా అత్త తిమ్మమ్మకు అదే బాగుంది.

"పిల్ల బడికి పోయేదాక నువ్వు మగ్గం ముట్టకు. గోవిందు ఉండనే ఉన్నడు" అంది ఒకరోజు.

నాకు ఒళ్లు మండింది. "బడికి పోయేదాకనా? గప్పటికి నా చేతులు పనే మరుస్తయి అత్తమ్మా. గీ ఒక్క చీర నేను నేస్త. నాతోని కాకపోతే గోవిందన్ననే ఉంచుకోండ్రి, మళ్ల అడగ."

అనడం తేలికే. పిల్లనెక్కడ పెట్టను? అత్తకు మోకాళ్ల నొప్పులు, దాని వెంట ఉరకలేదు. అప్పుడు కంటపడింది, మామ పోయాక ఖాళీగా ఉన్న రెండో మగ్గం గుంత. నేసేవాళ్లు కాళ్లు దించుకొని కూర్చునేది, పిల్ల ఎక్కిరాలేనంత లోతు. బొంత పరిచి, నాలుగు గిన్నెలేసి పూజను అందులో దింపి, సుదర్శన్ పక్కన నా చోట కూర్చున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి రోజు గుంతలోంచి గిన్నెలు ఎగిరొచ్చాయి. రెండో రోజు తిట్లు. భాష అర్థం కాలేదు గానీ తిట్లేనని తెలుస్తూనే ఉంది. మూడో రోజు చప్పుడే లేదు.

"పండుకున్నట్టుందే" అన్నాడు సుదర్శన్. నేనూ నమ్మాను, వెర్రిదాన్ని.

బోర్లించిన గిన్నె మీద బొంత, బొంత మీద తను. అలా గట్టెక్కి, పాక్కుంటూ వచ్చి, మా పడుగును రెండు పిడికిళ్లతో పట్టి లేచి నిలబడింది. పుట్టాక అదే మొదటిసారి నిలబడడం. పుటుక్కు పుటుక్కుమని అంచు పోగులు తెగాయి. అది మమ్మల్ని చూసి రెండు పళ్లతో నవ్వింది.

సుదర్శన్ తల పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. చూస్తే అత్త గడపలో నిలబడి ఉంది. అయిపోయింది, ఇక గోవిందన్నను పిలవమంటుందనుకొని, పిల్లనెత్తుకోవడానికి లేవబోయాను.

"కూసో" అంది అత్త.

"పోగులు తెగినయి అత్తమ్మా..."

"తెగితే ముడేస్కోరాదా? లేవకు అంటున్న."

కుంటుకుంటూ వచ్చి, పడుగు మీద నుంచి పూజ వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. సుదర్శన్ వైపు గడ్డంతో చూపింది. "వీడు గిట్లనే ఉండె. వీడు నడిచేదాకనే అని నేను మగ్గం మీదనుంచి లేచిన. వానికి ముప్పై నాలుగేండ్లు. మళ్ల కూసున్ననా?"

అత్త ఒకప్పుడు నేసేదని ఈ ఇంట్లో నాకెవరూ చెప్పలేదు.

"మరి నన్ను మగ్గం ముట్టకు అన్నది నువ్వే కద?" అన్నాను.

"మా అత్త నాకు చెప్పిందే నీకు చెప్పిన. ఇంగ నా నోరు తెరిపియ్యకు, నేయి."

ఎత్తుకోబోతే పూజ ఆమె భుజం కొరికింది. "నీ పండ్లు రాలిపోను!" అని తిడుతూ, పోగుల కోసం ఏడ్చేదాన్ని అలాగే ఎత్తుకొని ఆమె వీధిలోకి పోయింది.

నేను లేవలేదు. తెగిన పోగులు ముడేయబోతే కళ్లలో నీళ్లు నిండి పోగే కనబడలేదు. ఊరికే కూర్చొని చూస్తున్నందుకు సుదర్శన్‌ను తిట్టి, కొంగుతో కళ్లు తుడుచుకొని ముడేశాను.